మా హాకీ పేషెంటు

పోయిన ఆదివారం అతని భార్య ఫోన్ చేసింది. నిద్రలోనే పోయాడట. "ముందు మీకే చెప్పాలనిపించింది డాక్టర్" అంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు ఆగలేదు.

నేను పళ్ళ డాక్టర్ని. డెబ్భయిల చివర్లో పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్ళో క్లినిక్ పెట్టుకున్నాను. ఆ ఊళ్ళో ఐస్ హాకీ జట్టు ఒకటి ఉండేది. పెద్ద లీగ్‌కి కింది మెట్టు అది. పైజట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇక్కణ్ణుంచి ఒకణ్ణి పిలుస్తారు. అతను ఆ జట్టులోనే ఆడేవాడు. హాకీ కర్ర తగిలి అతని ముందు పళ్ళు రెండూ ఊడిపోతే నా దగ్గరికి తీసుకొచ్చారు. మా పరిచయం అలా మొదలైంది.

పెద్ద జట్లు ఏటా కుర్రాళ్ళను ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. అతన్ని ఏ జట్టూ ఎంచుకోలేదు. తనే బస్సెక్కి సెలక్షన్లకు వెళ్ళాడు. వద్దు పొమ్మన్నా మళ్ళీ వెళ్ళి, చివరికి ఈ కింది జట్టులో చోటు సంపాదించాడు. పెద్ద జట్టు చొక్కా వేసుకుని ఒక్క ఆటైనా ఆడాలన్నదే అతని కోరిక.

"పక్క పళ్ళకు పట్టించి పర్మనెంటుగా కట్టుడుపళ్ళ బ్రిడ్జ్ కట్టేస్తాను, కూర్చో" అంటే వినేవాడు కాదు. "ఆడుతున్నన్నాళ్ళూ వద్దు డాక్టర్. మీరు కట్టడం, వాళ్ళు ఊడగొట్టడం, ఎందుకొచ్చిన గొడవ?" అనేవాడు. తీసి పెట్టుకునే పళ్ళు చేసిచ్చాను. ఆటకు ముందు వాటిని తీసి పేపర్ కప్పులో పడేసేవాడు. జట్టులో సగంమంది కప్పులు అదే బల్లమీద ఉండేవి. ఒకసారి ఇంకెవరి పళ్ళో పెట్టుకుని వచ్చి, "మీరు చేసినవి బిగుతయ్యాయి" అని నన్నే నిలదీశాడు. ఆ రోజు ఎన్ని చివాట్లు పెట్టానో!

"ఏంటే, ఆ హాకీ అబ్బాయి మళ్ళీ వచ్చాడా? పర్మనెంట్ పేషెంట్ అయిపోయాడు, గ్రీన్ కార్డ్ ఇచ్చెయ్" అని మావారు వేళాకోళం చేసేవారు.

ఓసారి మా ఇద్దరికీ టికెట్లిచ్చాడు. చీరమీద కోటేసుకుని వెళ్ళి, ఆటంతా అతని నోటివంకే చూస్తూ కూర్చున్నాను. "నాకు స్పీడు లేదు డాక్టర్. అడ్డం పడతాను, అంతే" అనేవాడు. నిజంగానే గోల్ వైపు వచ్చే ప్రతి షాట్‌కీ ఒళ్ళు అడ్డం పెట్టేశాడు.

ఎనభైల మధ్యకి వచ్చేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాళ్ళు అతని పక్కనే ఆడి, అతనికన్నా ముందు పైకి వెళ్ళిపోయారు. ఒక మార్చి మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇక బ్రిడ్జ్ కట్టెయ్యండి డాక్టర్."

అంటే ఈ సీజన్‌తో ఆట మానేస్తున్నాడన్నమాట. చేతులు కడుక్కుని పనిలో దిగాను. నా సర్వీసులో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. అంతా అయ్యాక అద్దం ఇస్తే చూసుకుని, "బాగున్నాయి" అని పెదవులు మూసుకున్నాడు.

పట్టుమని పది రోజులు కాలేదు, అతను ఫోన్ చేశాడు. పెద్ద జట్టులో వరసగా దెబ్బలు తగిలి, సీజన్ చివరి ఆటకి మనుషులు చాల్లేదట. "రమ్మన్నారు డాక్టర్, వెళ్తున్నా" అని పెట్టేశాడు. ఆ సాయంత్రం మావారూ నేనూ కార్లో కూర్చుని రేడియోలో ఆట విన్నాం. సగం అర్థం కాలేదు. అతని పేరు వినబడగానే మావారు స్టీరింగ్ మీద చరిచి, "నీ పేషెంటే!" అని అరిచారు. జట్టు మాత్రం ఓడిపోయింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి క్లినిక్ మెట్లమీద నిలబడి ఉన్నాడు. పెదవి వాచిపోయింది. జేబులోంచి రుమాలు తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే నేను కట్టిన బ్రిడ్జ్, రెండు ముక్కలుగా.

"అంత కష్టపడి కడితే నాలుగు రోజులైనా ఉంచుకోలేవా?" అని కేకలేశాను.

సారీ చెబుదామని నోరు తెరిచాడు. ఆ వాచిన పెదవితో, ముందు పళ్ళ సందు అంతా కనబడేలా, ఒకటే నవ్వు.