తెరవకుండా చూసిన ఆనింగ్

కరోనా సద్దుమణిగిన మరుసటి వానాకాలం నన్ను మొయినాబాద్ దగ్గరి ఒక రిసార్టుకు మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా వేశారు. రిటైరయ్యే ముందు నా చివరి పోస్టింగ్ అది. పైన మేనేజరు, కింద ఇద్దరు టెక్నీషియన్లు. అతిథులు బస చేసే నాలుగు క్యాంపర్ వ్యాన్ల బాధ్యత నాదే.

ప్రతి వ్యానుకూ పక్కన ఆనింగ్ ఉంటుంది. అంటే చుట్టి ఉంచే గుడ్డ కప్పు. హ్యాండిల్ తిప్పితే స్ప్రింగులున్న రెండు మడత చేతులు దాన్ని బయటికి నెడతాయి. ఆ చేతులను వ్యాను గోడకు పట్టి ఉంచేవి బ్రాకెట్ బోల్టులు. వారానికోసారి కప్పు పూర్తిగా తెరిచి, బోల్టులు స్పానరుతో బిగించి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. తడి గుడ్డను చుడితే బూజు పడుతుంది కాబట్టి ఆరాకే మూయాలి.

ఆ కప్పులు రోజూ తెరిచి మూసేది హౌస్‌కీపింగ్‌లో పనిచేసే సునందమ్మ. చేవెళ్ల అవతలి పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఒక శుక్రవారం నా దగ్గరికొచ్చి, "అన్నా, మూడో బండి కప్పు తెరుస్తుంటే కిర్రుమంటున్నది. జర చూడు," అంది.

ఆ పొద్దున్నే ముసురు పట్టింది. తెరిస్తే తడుస్తుంది, తడిస్తే ఆరదు. పైగా ముప్పై ఏళ్లు స్పానరు పట్టిన నాకు ఈమె చెప్పడమేమిటని చిర్రెత్తింది. మూసి ఉన్న కప్పునే చేత్తో ఊపి, సంతకం గీకేశాను. "చూసిన తియ్, ఏం ఫికర్ లేదు," అన్నాను.

మర్నాడు వాన తెరిపిచ్చింది. అతిథులు వస్తున్నారని ఆమె ఆ కప్పు తెరుస్తుండగా బోల్టులు ఊడి, మడత చేయి విసురుగా వచ్చి కుడి భుజానికి తగిలింది. ఎముక విరిగింది. చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లాం. కప్పు తెరిచి చూడలేదని మేనేజరుకు రాసిచ్చాను. నాకొక మెమో ఇచ్చారు, అంతే. ఆమె చేయి మాత్రం మళ్లీ భుజం దాటి లేవలేదు. ఆ పని ఇక చేయలేకపోయింది.

కట్టు విప్పాక వాళ్లింటికి వెళ్లాను. కూతురితో జడ వేయించుకుంటోంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు చూసిన్నంటివి గదన్నా. గందుకే దాని కింద నిలవడ్డ," అంది.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నేర్చుకున్నది ఇంతే. కప్పు మీద ఎవరు అనుమానం చెప్పినా, తనిఖీకి ముందే ఇంకెవరూ తెరవకుండా దాన్ని తాడుతో కట్టి, హ్యాండిల్ తీసి జేబులో వేసుకోవాలి. ఆ తరువాత వానలోనైనా తెరిచి చూడాలి. గుడ్డ పాడైతే కొత్తది వేస్తారు.