సుగ్గికి పోయే తల్లిని అడగకూడని మాట

మొన్న మా అన్న మనవరాలు ఫోన్ చేసి, అవ్వా, పరిశోధనల్లో చదివినదాన్ని పనిలో ఎట్లా వాడాలో రేపు క్లాసులో చెప్పమన్నారు, నువ్వూ ఈ చదువే చదివినావు కదా, ఏమన్నా చెప్పు అంది. సోషల్ వర్క్ చదువుతోంది ఆ పిల్ల. ఆ చదువు పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరగని రోజుల్లో నేను చదివాను. మా నాయన పోయేదాకా నేను టీచరు ట్రైనింగు చేశాననే నమ్మాడు. ఏవో నాలుగు మాటలు చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ తరువాత ఎమ్మిగనూరులో ఈ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, ఆ పిల్లకు చెప్పనివన్నీ నాకు నేనే చెప్పుకుంటూ పొద్దు పుచ్చాను. నా ఈడు వాళ్ళకైతే విసుగు రాదని ఇక్కడ రాస్తున్నాను.

నాతో చదివేవాళ్ళందరినీ ఇద్దరిద్దరిని జతచేసి హైదరాబాదుకో తిరుపతికో ఫీల్డ్ వర్కుకు పంపించారు. నా వంతు వచ్చేసరికి మా మేడమ్, నీది ఆ పక్కే కదా, నీకు తోడెందుకు అని ఆదోనిలో ఒక స్వచ్ఛంద సంస్థకు నన్నొక్కదాన్నే పంపింది. ఎమ్మిగనూరు పిల్లకు ఆదోని పరాయి ఊరేమిటని ఆమె అనుకుని ఉంటుంది. మా నాయన మగ్గం చప్పుడు వినపడని చోట నాకు నిద్ర పట్టదని ఆమెకు ఎట్లా చెప్పను? పత్తి మార్కెట్టు వెనక సందులో ఒక ముస్లిం కుటుంబం వారి మేడ మీద గది తీసుకున్నాను. ఇంటామెను ఖాలా, అంటే పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె పొద్దున్నే మెట్ల కింద నుంచి, నాష్టా అయిందా బేటీ అని కేకేసేది, అప్పుడప్పుడూ గిన్నె నిండా బొరుగుల ఉగ్గాని, పైన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చేది. రోజు మొత్తంలో నా కోసమని ఒకరు పలికిన మాట అదొక్కటే అయ్యేది. మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూది కిటికీ చువ్వలకు పట్టుకుంటే, సాయంత్రాలు దాన్ని వేళ్ళతో తీస్తూ కూర్చునేదాన్ని, చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా.

సంస్థ వాళ్ళు అప్పగించిన పని చూడడానికి చిన్నదే. కోసిగి దారిలో ఒక మెట్ట పల్లె ఉంది. సొంత చేలలో పని అయిపోయిందంటే ఆ ఊళ్ళో నడుం వంచగలిగిన వాళ్ళంతా గుంటూరు దిక్కుకు మిరపకాయ కోతలకు కూలికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. పోతే ఉగాదికి గానీ రారు. పిల్లలు ఊళ్ళో మిగిలేటట్టుంటే బడిలోనే వాళ్ళకు తిండీ పడకా ఏర్పాటు చేద్దామని సంస్థ ఆలోచన. ఎందరు మిగులుతారో ఇల్లిల్లూ తిరిగి నేను తేల్చాలి. ఎవరూ మిగలరని తేలితే ఆ ఏర్పాటు ఇంకో ఊరికి తరలిపోతుంది.

అచ్చు వేయించిన కాగితాలు చంకలో పెట్టుకుని బయలుదేరాను. బిడ్డలను ఊళ్ళో వదిలిపోతారా, వెంట తీసుకుపోతారా అన్నది అందులో అసలు ప్రశ్న. ఏ గడపలో అడిగినా ఒకటే జవాబు. మేమెందుకు ఇడిసిపోతామక్కా, ఎంటబెట్టుకోనే పోతాం అనేవాళ్ళు, అని చప్పున లోపలికి పోయేవాళ్ళు. కొందరు ముసలివాళ్ళయితే, నేనేదో అశుభం పలికినట్టు, వాకిట్లో ఇన్ని నీళ్ళు చల్లుకున్నారు కూడా. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడిగితేనే అందరూ తలుపులు వేసుకుంటున్నారు.

బడి వెనక ఇంట్లో ఒక తల్లి ఉండేది, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. ఆమెకు ఆరేళ్ళ కూతురు. ముందటేడు ఆ బిడ్డను వెంట తీసుకుపోతే, మిరప ఘాటుకు కళ్ళు వాచి, చేను గట్టున పాతచీర ఉయ్యాలలో పడి ఏడ్చిందని, బడి కూడా పోయిందని ఇరుగుపొరుగు చెప్పారు. ఈ ఏడు ఏం చేస్తావని అడిగితే ఆమె కూడా అందరి మాటే అన్నది. కానీ నేను పోయేసరికి ఆమె ఆ పసిదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన జడ తానే వేసుకోవడం నేర్పిస్తోంది. ఆ చిట్టి వేళ్ళకు మూడు పాయలూ అందక జారిపోతుంటే, విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచీ చూపిస్తోంది. వెంట తీసుకుపోయే బిడ్డకు ఈ వయసులో ఈ విద్య ఎందుకమ్మా అని ఆ రాత్రంతా నా గదిలో ఆలోచిస్తూనే ఉన్నాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందని మా నాయన ఎగతాళి చేసేవాడు గానీ, ఆ వారం నన్ను చదువే ఆదుకుంది. మనసుకు గుచ్చుకునే సంగతిని సూటిగా అడిగితే నిజం రాదు, దాని చుట్టూ ఉన్న రోజువారీ పనిని అడగండి అని పరిశోధన పద్ధతుల పాఠంలో చదివింది గుర్తొచ్చింది. పరీక్ష కోసం బట్టీ పట్టిన మాట అది. ఖాలాను అడిగితే అసలు సంగతి కూడా తెలిసింది. పయనం ముందు ‘ఇడిసిపోతున్నాం’ అనే మాట నోట రాకూడదని ఆ పల్లెల్లో పట్టింపట. ఆ మాట అంటే మళ్ళీ కలుసుకోలేరని భయమట. నేత ఇంట్లో పుట్టినదాన్ని, మా వాళ్ళు మగ్గం విడిచి ఎక్కడికీ పోయిన వాళ్ళు కారు, నాకేం తెలుసు. మర్నాడు కాగితాలు గదిలోనే పెట్టి వట్టి చేతులతో పోయాను. ఈ చలికాలం మీ ఇంట్లో జొన్నరొట్టె తినేదెవరు అని మాత్రం అడిగాను. గడపలన్నీ నోరు విప్పాయి. మా యమ్మి తింటాది, మా పిల్లోడు తింటాడు, పక్కింటవ్వ కాల్చి పెడతానన్నాది అంటూ జొన్నల కుండలు కూడా చూపించారు. బడి వెనక తల్లి బిడ్డను అప్పగించబోయేది కూడా చూపు సరిగా ఆనని ఒక పక్కింటవ్వకే.

బడిలో ఏర్పాటు జరిగింది. కూలీల లారీ కదిలిన రోజు ఒక్క తల్లీ వెనక్కి తిరిగి చూడలేదు, అదీ పట్టింపే. ఆ తరువాత ఊళ్ళో కుక్కలు కూడా మొరగడం మానేశాయి. నేను ఆదోని గది వదిలి పిల్లలతో పాటు బడిలోనే పడుకునేదాన్ని. మొదటి వారం బడి వెనక తల్లి బిడ్డ గోడవైపు తిరిగి పడుకునేది. తరువాత నా పక్కకు జరిగింది. ఆ తరువాత నా కొంగు చేతికి చుట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. ఇద్దరం ఒంటరివాళ్ళమే, ఎవరు ఎవరికి తోడో చెప్పడం కష్టం.

ఉగాది ముందు లారీ తిరిగి వచ్చింది. ఎండకు నల్లబడి, చెంపలు లోపలికి పోయి, మూట దించకుండానే ఆ తల్లి బడి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. బిడ్డ ఆమెను చూసి నా వెనక్కి నక్కింది. రాయే అమ్మీ, నేను మీ యమ్మను కదా అని తల్లి చేతులు చాపితే, నేను అక్క కాడనే ఉంటా అని నా కొంగు గట్టిగా పట్టుకుంది. ఆ క్షణం నా గుండె సంతోషంతో నిండిపోయింది, ఆ వెంటనే తల్లి మొహం చూసి చల్లబడింది. ఆమె ఏడవలేదు. పోనీలే అక్కా, బిడ్డ నవ్వుతా ఉండాది, యాడ ఏడుస్తా ఉంటాదోనని దినామూ సచ్చినాను అన్నది. నేనే ఆ వేళ్ళను ఒక్కొక్కటీ విడదీసి తల్లి చేతిలో పెట్టి, సాయంత్రం బస్సుకు ఆదోని వచ్చేశాను.

హాజరు బాగుంది, పిల్లలు ఒళ్ళు చేశారు, అందరూ పై తరగతికి పోయారు అని నివేదికలో రాశాను. చివర, ఎక్కడ పెట్టాలో తెలియక, ఆ వాకిట్లో జరిగింది కూడా రాశాను. కొట్టేస్తుందనుకున్న మా మేడమ్ దాన్నే రెండుసార్లు చదివి, నీ పరిశోధన అంతా ఇదేనమ్మా అన్నది. మరుసటేడు నా తరువాత వచ్చిన విద్యార్థిని దాన్ని చదివి, సుగ్గి నడుమ పిల్లలను బస్సులో మిరప చేలకు తీసుకుపోయి రెండు రోజులు తల్లుల దగ్గర ఉంచిందట. బిడ్డలు బస్సు దిగకముందే తల్లులు చేలలోంచి పరుగున వచ్చారని విన్నాను. అప్పటికి నాకు వేరే జిల్లాలో ఉద్యోగం వచ్చింది, ఆ బస్సులో నేను లేను.

ఇప్పుడు ఆ పక్క హాస్టళ్ళు పెరిగాయి. తల్లులు చేను గట్టున కూర్చుని ఫోన్లో బిడ్డల మొహాలు చూసుకుంటారట, మొహం మరిచిపోయే బాధ తప్పింది, సంతోషమే. కానీ సుగ్గి ఆగలేదు. తల్లి లేని నాలుగు నెలలు బిడ్డను ఎట్లా కాపాడాలో మేమంతా బాగా నేర్చుకున్నాం, ఆ తల్లి ఊళ్ళోనే ఉండేందుకు ఏం చేయాలో నేర్చుకోకుండానే నా సర్వీసు అయిపోయింది. ఉద్యోగంలో ఎందరి బిడ్డలనో నా పక్కన పడుకోబెట్టుకున్నాను, అందరినీ వాళ్ళ తల్లులకు తిరిగి అప్పగించాను. అదే నా పని, సరిగ్గానే చేశాననుకుంటాను. చేసి ఇంటికి వచ్చిన ప్రతిసారీ మాత్రం, నా కొంగు తేలికగా ఉండేది.