ఎడమ బొటనవేలు చెప్పిన నిజం

సంఘములోని సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ వందనాలు. ఈ పత్రికలో సాక్ష్యం రాసినవాళ్ళు రోగం నుంచి లేచామంటారు, తాగుడు నుంచి బయటపడ్డామంటారు, వారి కోసం నేనూ స్తోత్రం చెల్లిస్తాను గాని నాకు ఆ రెండూ లేవు. నాకున్నది పరువు జబ్బు. దానికి జ్వరం రాదు, దగ్గు రాదు, అందుకే నలభై రెండేళ్ళు నాకు జబ్బున్నట్టే తెలియలేదు!

అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. కృష్ణపట్నం దగ్గర ఉప్పు ఎక్కించుకుని కాలవ పడవ మీద మద్రాసు చేర్చడం నా పని, పడవ నిండిన ప్రతిసారీ ఉప్పు కొఠారు గుమాస్తా ముందు ఎడమ బొటనవేలు సిరాదిండు మీద నొక్కి కాగితం మీద ముద్ర వేయడం నా చదువు. నా భార్య సుగుణమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. కాన్పులు చేయడంలో మంచి పేరున్న మనిషి.

ఒక ఏడు ఎండాకాలంలో ఆమెకు మలయా నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడొక రబ్బరు తోట ఆసుపత్రికి నర్సు కావాలి, మూడేళ్ళ పని, రెండు నెలల్లో కాగితాలు పూర్తి చేసుకోవాలి, భర్తను వెంట తెచ్చుకోవచ్చు అని అందులో ఉంది. వీసా అనే మాట నేను ఆ రోజే మొదటిసారి విన్నాను. నాకు ఎంత వింతగా తోచిందో చెప్పలేను! పడవవాణ్ణి నేను, నీళ్ళకు వాకిలి ఉంటుందని, ఆ వాకిలి దగ్గర కూర్చుని ఒకడు ముద్ర వేస్తాడని నాకేం తెలుసు? నన్నెప్పుడూ చూడనివాడు నన్ను రమ్మనడమేమిటి, వద్దనడమేమిటి? పాస్టరు గారి వెంటపడి అడిగాను, ఆయన విసుక్కోకుండా చెప్పారు. ఒక దేశంలో ఉండడానికి ఒక అనుమతి, అక్కడ పని చేయడానికి వేరే అనుమతి. భార్యకు పని ఉంది గనుక భర్త వెంట వెళ్ళి ఉండవచ్చు గాని పని చేయకూడదు, చేయాలంటే అక్కడివాళ్ళెవరైనా ఇతను మాకు కావాలని అడగాలి.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆయన ఫారం తీశారు. అందులో వెంట వచ్చేవారి గడిలో ‘భార్య’ అనే అచ్చేశారు. నర్సమ్మ వెంట మొగుడు బయలుదేరతాడని ఆ అచ్చువాళ్ళు అనుకోలేదు కాబోలు! ఆయన ఆ మాట కొట్టేసి పైన ‘భర్త’ అని రాశారు. సుగుణమ్మ పకపకా నవ్వింది.

“ఇన్నేళ్ళు నేను నీ పెళ్ళాన్ని అనిపించుకోలా? మూడేళ్ళు నువ్వు నా మొగుడివి అనిపించుకో, ఏం పోతాది?”

నాకు నవ్వు రాలేదు. ఆ కొట్టివేత నా మీదే కొట్టినట్టనిపించింది. పడవవాళ్ళకు ఈ సంగతి తెలిసింది, ఇక ఊరుకుంటారా? “ఏమబ్బా, పెళ్ళాం కొంగు పట్టుకోని ఓడెక్కతా ఉండావంట గదా! ఆడికి పోయి అంట్లు తోమతావా ఏంది?” అన్నారు. నేను ఆమెతో మాట మానేశాను, ఇంట్లో తిండి మానేశాను. చివరికి ఒక రోజు, “నేను పనోడిగా వస్తేనే నువ్వు పోయేది. లేకుంటే ఆ జాబు చించి కాలవలో ఎయ్యి” అన్నాను. ఆమె ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకుంది. గడువు కరిగిపోతూనే ఉంది.

నెల్లూరులో ఒక బ్రోకరు దొరికాడు. “అన్నా, ఎనిమిదో తరగతి పాసయినట్టు సర్టిఫికెట్టు ఇప్పిస్తా, స్టోరు గుమాస్తాగా నీకు వేరే పర్మిట్టు వస్తాది” అన్నాడు. స్టోరు గుమాస్తా ఏం చేస్తాడని అడిగాను.

“లెక్క రాసుకుంటాడు.”

“నాకు రాయను రాదే?”

“ఆడికి పోయినాక ఎవురు చూసొచ్చినారు లే అన్నా!”

సహోదరులారా, ఎన్నో ప్రశ్నలు అడిగినవాణ్ణి, ఇది పాపమా అనే ఒక్క ప్రశ్న అడగలేదు. డబ్బిచ్చి ఆ కాగితం తీసుకుని, సుగుణమ్మకు కూడా తెలిసినవాళ్ళ ద్వారా పని దొరికిందని అబద్ధం చెప్పాను, ఆమె నమ్మి సంతోషించి ఆ పూట చేపల పులుసు చేసింది.

ఇద్దరం మద్రాసులో ఆ అనుమతులిచ్చే ఆఫీసుకు వెళ్ళాం. బల్ల వెనక తెలుగు గుమాస్తా నా సర్టిఫికెట్టు చదివి, ఎనిమిది చదివావా అన్నాడు, అవునండీ అన్నాను. సంతకం చెయ్యమని కలం చాపాడు. నా కంటికి కలం కనపడితేగా! బల్ల మీద సిరాదిండు కనపడింది, ఇరవై ఏళ్ళ అలవాటు, నా ఎడమ బొటనవేలు నన్నడగకుండా వెళ్ళి దిండు మీద నొక్కుకుని కాగితం మీద చక్కగా ముద్ర వేసింది. గుమాస్తా వేలు చూశాడు, సర్టిఫికెట్టు చూశాడు, నన్ను చూశాడు.

“ఎనిమిదేళ్ళు బడికి పోయి నేర్చుకున్నది ఇదా?”

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇద్దరి కాగితాలూ పక్కన పెట్టేసి, పెద్ద అధికారి వచ్చేదాకా బయట ఉండండి, ఇలాంటి పనికి ఆమెది కూడా పోతుంది అన్నాడు.

వరండాలో సుగుణమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “ఏమయ్యా, నేను కష్టపడి చదివింది కూడా అబద్ధమే అనుకుంటారేమో గదా?” అంది. అక్కడే గోడవైపు తిరిగి మోకరించి ప్రార్థించాను: “ప్రభువా, నా నోరు అబద్ధమాడింది, నా వేలు నిజం చెప్పింది. నా నోటిని కూడా వేలి దారికి తీసుకురా. నన్ను ఇక్కడే వదిలినా సరే తండ్రీ, ఆమెను ఆపొద్దు!”

పెద్ద అధికారి రాగానే లేచి లోపలికి వెళ్ళి ఆయనతో దాచకుండా అంతా చెప్పాను. ఆయన బాగా చీవాట్లు పెట్టి, ఆ సర్టిఫికెట్టు తీసి పెట్టుకుని, ఒక మాట అడిగాడు.

“వేలిముద్ర వేసేవాడు భార్య వెంట పోకూడదని నీకు ఎవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదు! నా పరువే చెప్పింది!

“వేలిముద్రకు అడ్డు లేదయ్యా, అబద్ధానికే అడ్డు. నువ్వు నిజంగా చేసే పనేమిటి?”

“కాలవ పడవ నడపతానండీ.”

“అదే రాయించు.”

భార్య అని కొట్టేసి భర్త అని రాసిన ఆ పాత ఫారమే తీసి పెట్టాం, వృత్తి దగ్గర పడవ నడుపుట అని రాయించాం. గడువుకు నాలుగు రోజుల ముందు ఇద్దరికీ అనుమతి వచ్చింది, స్తోత్రం! ఓడలో సుగుణమ్మ తడి వేలితో చెక్కల మీద అక్షరాలు రాసేది, అవి ఆరేలోగా నేను చదవాలి. మలయాలో ఎనిమిది నెలలు వంట చేశాను, ఆమె కోకలు ఉతికాను, అవును, అంట్లు కూడా తోమాను! ఏమీ పోలేదు. తర్వాత వానలకు నది పొంగింది, ఆసుపత్రి పడవవాడు పని మానుకున్నాడు. డాక్టరు గారు నా కాగితంలో పడవ నడుపుట అన్న మాట చూసి, ఇతను మాకు కావాలని ఆయనే అడిగి పని పర్మిట్టు తెప్పించారు. అవతలి ఒడ్డు తోటల నుంచి నొప్పులు పడే తల్లులను నేను దాటించేవాణ్ణి, ఇవతల నా భార్య అందుకునేది. స్టోరు గుమాస్తా అని ఉంటే ఆ నది దగ్గర నేనెందుకు పనికివచ్చేవాణ్ణి?

ఆ పర్మిట్టు కాగితం మీద మొదటిసారి నా పేరు నేనే రాశాను, వంకర టింకరగా. రాసి, పక్కన వేలిముద్ర కూడా వేశాను. ఇక అది అవసరం లేదని అక్కడి గుమాస్తా నవ్వాడు.

“ఉండనీండయ్యా, నాకంటే ముందు నిజం చెప్పింది అదే” అన్నాను.

ఇప్పుడు మన సంఘంలో దూరదేశం బయలుదేరే దంపతులు నా దగ్గరికి కాగితాలు తెస్తారు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను, ఎవరి వెంట ఎవరు వెళుతున్నారో నేనడగను, రాసిందంతా నిజమేనా అని మాత్రం అడుగుతాను. పరువు కోసం అబద్ధం పట్టుకుని కూర్చున్నవారు మీలో ఎవరైనా ఉంటే ఈ పూటే ప్రభువు దగ్గర దాన్ని దించుకోండి, బొటనవేలితో మాట్లాడించినవాడు మీ నోటిని కూడా విడిపిస్తాడు. దేవునికే మహిమ.