మూడు కట్టల కాగితాలు

ఆ నర్సు పేరు నేను అడగనేలేదు. జడ్చర్లలో బస్సు ఆగినప్పుడు, నా పక్కన కూర్చున్న ఆమెతో కండక్టర్ పరాచికమాడాడు.

"ఏమమ్మా, నీ మేస్త్రి మళ్ళ కల్లు తాగిండంటగదా!"

"తాగిండు తియ్. పాలమూరు పోయి పెద్ద డాక్టరుకు చెప్పొస్త, గీ నౌకరి నాతోని కాదని."

ఆమె ఒళ్ళో మూడు కట్టల కాగితాలున్నాయి. అడిగితే చూపించింది. మేస్త్రి అంటే ఆమె కల్లు మాన్పించాలని చూస్తున్న రోగి. అతను కల్లు ముట్టని ప్రతి రోజూ పొద్దున్నే అతనిచేత ఒక కాగితం మీద గీత గీయించేదట, చేతి వణుకు ఎంత తగ్గిందో చూడడానికి. అతను మళ్ళీ తాగగానే ఆ కట్టకు దారం చుట్టి పక్కన పెట్టేసేది.

"మూడుసార్లు ఓడిపోయిన బిడ్డా," అంది.

నేను అప్పుడే పాలిటెక్నిక్ ముగించినవాణ్ణి. కాగితాలు కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేను. మొదటి కట్టలో తొమ్మిది. రెండోదానిలో ఇరవై రెండు. మూడోదానిలో యాభై ఒకటి!

"ఓడిపోవడమేమిటమ్మా? ప్రతిసారీ రెట్టింపు కన్నా ఎక్కువ రోజులు ఆగాడు!" అరిచినంత పని చేశాను.

ఆమె మూడు కట్టలనూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అయ్యో, దేనికది ఇడిగ చూసిన గదా! నిన్న తాగిండు, నా మొఖం చూడనీకి సిగ్గై ఇయ్యాల గూడ గా కల్లు దుకాణానికే పోతడు, పోయి ఆపాలె. జర జరుగు బిడ్డా!"

దిగి, అవతల వెనక్కి వెళ్ళే బస్సు వైపు పరుగెత్తింది.

"నాలుగో కట్టకు తేదీలు వేయండమ్మా!" అని కిటికీలోంచి కేకేశాను.

"ఏస్త!" అంది వెనక్కి చూడకుండానే.

పక్క సీటు ఖాళీ అయినా, ఆ ఉత్సాహంలో నాకు కూర్చోబుద్ధి కాలేదు. పాలమూరు దాకా నిలబడే వెళ్ళాను.