తాళం వేసి పెట్టిన బ్యాగులు

ఉగాది తర్వాతి ఆదివారం. ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య అనసూయ, కొడుకు శ్రీను, కోడలు రేణుక.

ఆ పొద్దున మరుగుదొడ్డిలో రక్తం చూశాను. బస్సు డిపో ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజూ డైరీ రాసే మనిషిని. ఆ రోజు మాత్రం "ఎండ ఎక్కువ. మాదన్నపేట మార్కెట్లో మామిడికాయలు కొన్నాను" అని రాసి మూసేశాను. ఇల్లు సర్దుతూ కోడలు చదువుతుందేమోనని భయం. మొలలే అయి ఉంటాయని సర్దిచెప్పుకుని, ఎండలు పోయి చలి వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

చివరికి బట్టలు ఉతికేటప్పుడు అనసూయ రక్తపు మరకలు చూసింది. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయింది. "ఎన్నాళ్ల నుంచి?" అని డాక్టర్ అడిగాడు. ఏ బస్సు ఏ ఏడు ఎక్కడ ఆగిపోయిందో డైరీ తీసి చెప్పగలను. దీనికి మాత్రం "మొన్నటి నుంచి" అన్నాను. అనసూయ నా మొహం వైపు చూసి తల తిప్పుకుంది.

కొలనోస్కోపీ, బయాప్సీ, సీటీ స్కాన్ అయ్యాయి. "రెక్టమ్‌లో, అంటే పెద్దపేగు చివర్న, క్యాన్సర్ గడ్డ ఉంది. బాగా కిందికి ఉంది కాబట్టి పర్మనెంట్ కొలాస్టమీ తప్పదు" అన్నాడు డాక్టర్. ముందు రేడియేషన్, కీమో మాత్రలు, తర్వాత ఆపరేషన్. కడుపుకు ఎడమ పక్కన చిన్న ఎర్రటి ద్వారం, దాని మీద అంటించే బ్యాగు. ఇక మలం అందులోకే వస్తుంది. ఎప్పుడు వస్తుందో నా చేతిలో లేదు.

ఆపరేషన్ అయ్యాక బ్యాగు మార్చడం నేర్పడానికి నర్సు వచ్చినప్పుడు అనసూయ స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది. నేనే బయటికి పొమ్మన్నాను.

"అమ్మ గూడ నేర్చుకోవాలె సార్. మీకు జ్వరమొస్తే ఎవరు మారుస్తరు?" అంది నర్సు.

నా పని నేను చేసుకుంటానన్నాను.

నేను బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసి రిటైరైన వాణ్ణి. స్టెప్నీ టైరు లేకుండా ఏ బండినీ గేటు దాటనివ్వలేదు. ఒకరు పడకేస్తే పని ఆగకూడదని ప్రతి పనికీ ఇంకొకరిని తయారు చేసి పెట్టేవాణ్ణి. ఇంట్లో మాత్రం బ్యాగులు, వాటికి ద్వారమంత రంధ్రం కోసే కత్తెర, అంటించే పేస్టు అన్నీ పెట్టెలో సర్ది, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

ఆషాఢంలో బోనాలకు ఛత్రినాకలో బావమరిది యాదగిరి ఇంటికి బయల్దేరాం. ఇంకో బ్యాగు పెట్టుకోమంది అనసూయ. చేతిలో సంచి ఉంటే అందరూ అడుగుతారని వద్దన్నాను.

"స్టెప్నీ లేకుంటే డ్రైవర్లను గేటు కాడికెల్లే ఎనకకు పంపుతుంటివి. నిన్నెవరు పంపాలె?" అంది.

భోజనాల బంతిలో చెమటకు బ్యాగు అంటు ఊడింది. చొక్కా తడిసింది. వాసన ముందు పక్కనున్న యాదగిరికి తెలిసింది. విస్తరి వదిలి లేచి, భుజం పట్టుకుని నన్ను బాత్రూమ్ దాకా నడిపించాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు తలలు దించుకుని తిన్నారు. అది నేను మరచిపోలేను.

తాళంచెవి తలుపు సందులోంచి అనసూయకిచ్చాను. వీధి నిండా ఊరేగింపు, ఆటో కదలదు. శ్రీను నడిచిపోయి పెట్టె తెరిచి సామాన్లు తేవాలి. నేను లోపల గోడకానుకుని నిలబడ్డాను. పిల్లలు వచ్చి తలుపు కొట్టినప్పుడల్లా "తాత ఉన్నడు, ఆగుండ్రి" అని యాదగిరి చెబుతున్నాడు.

సామాన్లు వచ్చాయి. కొత్త బ్యాగు కొయ్యబోతే కత్తెర జారి కింద పడింది. అనసూయ తలుపు తియ్యమంది. తీశాను.

"మన పెండ్లి బంతిల గూడ గిట్లనే చొక్కా మీద పులుసు పోసుకుంటివి," అని కత్తెర అందుకుంది. "ఎంత కొయ్యాలె?"

ఇప్పుడు స్కాన్‌లు బాగానే వస్తున్నాయి. చెకప్‌కు అనసూయ కూడా లోపలికి వస్తుంది. సిగ్గు పోలేదు. నేను చెప్పగలిగేది ఒక్కటే: కష్టకాలానికి సామాన్లు సర్దుకోవడం సగం పనే. ఉద్యోగమైనా, ఒళ్లయినా, మీరు పడిపోతే అందుకోగల ఒక్క మనిషికి ముందే అంతా చూపించి పెట్టండి.

బోనాల మర్నాడు పొద్దున అనసూయ చేతులు కడుక్కుని పెట్టె ముందేసుకుంది. మొదటి బ్యాగుకు రంధ్రం పెద్దదైంది. పక్కన పడేసి ఇంకోటి కోసింది. అది సరిపోయింది.

"శీనూ, ఇటు రా. నువ్వు గూడ చూస్కో," అని పిలిచింది.

నేను దుప్పటి మీదికి లాక్కోబోయి, వదిలేశాను.