ఆయమ్మకేం తక్కువ

నాకు వచ్చిన ఫోన్ మా ఆయన ఎత్తాడు. గుమ్మఘట్టలో ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ చేశారట, ఇంగ్లీషు చెప్పడానికి గెస్ట్ లెక్చరర్‌గా వస్తానేమోనని. నేను దొడ్లో బట్టలు ఉతుకుతున్నాను. "ఈ ఎండల్లో అంత దూరం ఆమెకెందుకులే సార్, ఇంట్లో ఏం తక్కువ?" అని పెట్టేసి, ఆ సంగతి శుభవార్తలా నాకు చెప్పాడు. ఎమ్మే చదివి ఏళ్ల తరబడి ఆ పిలుపు కోసమే కాచుకుని ఉన్నదాన్ని. మా ఆయన చెడ్డవాడైనా బాగుండేది, పోట్లాడేదాన్ని.

ఎమ్మేలో చదివిన పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు కథల్లో ఇలాంటి మొగుళ్లే ఎక్కువ. కొట్టరు, తిట్టరు. రచయిత కూడా వాళ్లను పల్లెత్తు మాట అనడు, పైగా మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలులోనే వాత పెడతాడు. పరీక్షలో దాన్ని వ్యంగ్యం అని రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అది ఒంటికి తగిలింది మాత్రం ఆ ఫోన్ తర్వాతే.

రెండ్రోజులకు వాన పడింది. అత్తా, ఆయనా, నేనూ నడవలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాం. మా ఇంట్లో కాయలు ఒలిచేటప్పుడు ఎవరో ఒకరు కథ చెప్పాల్సిందే. "ఏందన్నా చెప్పమ్మీ, చేతి యేళ్ల నొప్పి తెలీకుండా" అంది అత్త.

కావాలనే అలాంటి కథ ఒకటి ఎత్తుకున్నాను. ఒక దొరసాని. చక్కగా పియానో వాయిస్తుంది. పక్క ఊరి బడివాళ్లు పిల్లలకు సంగీతం చెప్పమని కబురంపితే, మొగుడే రాదని చెప్పి పంపించేసి, ఆమె మెడలో బంగారు గొలుసు వేస్తాడు. ఆయమ్మకేం తక్కువ అంటుంది ఊరంతా.

"వాడేం మొగుడప్పా!" అన్నాడు మా ఆయన, చేతిలోని గింజలు చేటలో పడేసి. "ఆయమ్మను ఒక్క మాటన్నా అడగల్లా వద్దా?"

అత్త తల ఎత్తలేదు. "నువ్వడిగినావేమిరా?"

ఆయన చేతులు దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాను. అంతలో వాకిట్లోంచి ఆయన గొంతు.

"సార్, మొన్న నేను చెప్పింది తప్పు సార్. ఆమెనే అడగండి."

ఫోన్ తెచ్చి నా దుమ్ము చేతుల్లో పెట్టాడు. ఇంకెవరినైనా తీసుకున్నారేమోనని నా ప్రాణం అందులోనే ఉంది. "ఇంకా ఎవురూ దొరకలేదమ్మా. సోమవారం వస్తావా?" అన్నారు అవతల నుంచి.

"వస్తాను సార్."

ఫోన్ పెట్టేశాను. హాయిగా ఏడ్చాను. ఆయన నా వాటా కాయలు కూడా తన ముందుకు లాక్కున్నాడు.

"కడాకు ఏమయిందమ్మీ ఆ దొరసాని?" అంది అత్త.

ఆ కథల్లో చివరికి ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె మూత వేసిన పియానోను రోజూ తుడుచుకుంటూ అలాగే చచ్చిపోతుంది, శవం దగ్గర కూడా ఊరు అదే మాట అంటుంది. అత్త ముఖం వైపు చూశాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమెను ఎవరూ ఏదీ అడిగింది లేదు.

"బండెక్కి పోయింది అత్తా, పిల్లోళ్లకు పాటలు చెప్పేదానికి" అన్నాను.

"బతికిపోయిందిలే" అని, అత్త చేట అందుకుని గింజలు చెరిగింది.