మాస్టారి యాడ్‌ఆన్ల రిజిస్టరు

పోయిన వారం మా గుమ్మం ముందు వేయడానికి కొత్త పీచు పట్టా తెప్పించాను. కట్టు విప్పగానే కొబ్బరిపీచు వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా తోటలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అమలాపురంలో ఒక మేడ కింది గది, అందులో రెండు కంప్యూటర్లు, వాటి ముందు ముక్కు చివరన కళ్లద్దాలతో కూర్చున్న విశ్వనాథం మాస్టారు గుర్తొచ్చారు. ఈ వాసనకూ కంప్యూటర్లకూ సంబంధం ఏమిటో తెలియాలంటే ముందు మాస్టారు తెలియాలి.

ఆయన ఇరవై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక మిషన్లను ఒక మూలకు చేర్చి, వెబ్‌సైట్లు తయారుచేసే షాపు పెట్టారు. 2002లో డిగ్రీ పూర్తిచేసి నేను ఆయన దగ్గర చేరాను. మూడు నెలలు చూసి చెబుతానన్నారు ఆయన. ఆయన వద్దంటే బి.ఎడ్.లో చేరాల్సిందేనన్నారు మా నాన్న. పిల్లలకు పాఠాలు చెప్పే ఓపిక నాకు లేదు, కోపం ముక్కుమీదే ఉంటుంది. కంప్యూటరైతే ఎంత తిట్టినా ఏడవదు. అందుకే ఆ ఉద్యోగం నిలబెట్టుకోవాలని ముక్కోటి దేవతలకూ మొక్కుకున్నాను.

మేం వాడే సాఫ్ట్‌వేర్‌తో మామూలు పేజీలు చేయవచ్చు. మౌసు ఆనించగానే కిందికి జారే మెనూలు, ఫొటోల వరసలు కావాలంటే దానికి యాడ్‌ఆన్లు అనే చిన్న అదనపు ప్రోగ్రాములు తగిలించాలి. వాటిని ఎక్కడెక్కడివాళ్లో సరదాకి తయారుచేసి ఇంటర్నెట్టులో ఊరికే ఇచ్చేవారు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం నేను. మాస్టారు అలా కాదు, సంతలో వంకాయలు ఏరినట్టు ఏరేవారు. ఎవరు చేశారు, చివరిసారి ఎప్పుడు బాగుచేశారు, వాడినవాళ్లు ఏమన్నారు, ఇవన్నీ చూశాకే దించేవారు. అప్పుడు ఇంటర్నెట్టు ఫోను తీగ మీదే వచ్చేది. మేడమీద ఆయన భార్య, మేమంతా అత్తయ్యగారు అనే ఆవిడ, రాజోలులోని చెల్లెలితో మాట్లాడదామని ఫోనెత్తితే ముప్పావు వంతు దిగిన ఫైలు కాస్తా గంగలో కలిసేది. చివరికి మాస్టారు మెట్ల దగ్గర ఎర్ర తువ్వాలు వేలాడదీయడం మొదలుపెట్టారు. అది ఉన్నంతసేపూ ఫోను ముట్టుకోకూడదు. ఒకరోజు ఆయన దాన్ని తీయడం మరిచిపోయారు. సాయంత్రం దాకా చూసి అత్తయ్యగారే కిందికి దిగివచ్చారు.

"ఏవండీ, ఇంకా దిగలేదాండీ అది? మా చెల్లి ఈపాటికి నేను పోయేననుకుంటుందండీ."

దిగిన ప్రతి యాడ్‌ఆన్‌నూ మాస్టారు పాత హాజరు రిజిస్టరులో ఎక్కించేవారు. పేరు, చేసినవారు, చేసే పని, చేయలేని పని. ఈ చివరి గడి నిండితేనే దాన్ని ఖాతాదారుల సైటులో పెట్టనిచ్చేవారు. యాడ్‌ఆన్‌తోపాటు వచ్చే వివరాల ఫైలు మొత్తం చదివితే గానీ ఆ గడి నిండదు. ఆపైన, చేసినవారికి ధన్యవాదాలు చెబుతూ ఒక మెయిలు. టైపు పరీక్షలో ఇంగ్లీషు ఉత్తరంలాగా "గౌరవనీయులైన అయ్యా" అని మొదలై "తమ విధేయుడు" అని ముగిసేది. ఒకసారి ఏ దేశపు కాలేజీ విద్యార్థో జవాబిచ్చాడు. తనను ఇంతవరకూ ఎవరూ అయ్యా అనలేదనీ, ఆ ఉత్తరం వాళ్ల అమ్మకు చూపించాననీ రాశాడు. మాస్టారు ఆ జవాబునూ రిజిస్టరులో అంటించారు.

నా మూడో నెలలో పీచు పట్టాలు నేయించే రాజుగారి సైటు వచ్చింది. ఫొటోలకని తెచ్చిన నమూనా పట్టాలతో, వాటి పీచు వాసనతో మా గది నిండిపోయింది. సోమవారం విదేశీ కొనుగోలుదారులు సైటు చూడాలి. తొందరలో నేనే ఒక మెనూ వెతికి తగిలించాను. వివరాల ఫైలు తెరవలేదు. "చేయలేని పని" గడిలో మాత్రం "ఏమీ లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

శనివారం పొద్దున్న రాజుగారి ఆఫీసులో, ఆయన పాత కంప్యూటర్లో సైటు తెరిచాం. మెనూ జారలేదు. పట్టాల ఫొటోలన్నీ దాని వెనకే ఉండిపోయాయి, తెరమీద రాజుగారి కంపెనీ పేరొక్కటే కనిపించింది.

"పేరు బాగుందండీ మాస్టారూ," అన్నారు రాజుగారు. "పట్టాలేవండీ?"

మాస్టారు నావైపు చూడలేదు. "తప్పు నాదండీ. సాయంత్రానికి సరిచేసేస్తానండీ," అన్నారు.

షాపుకు వచ్చి వివరాల ఫైలు తెరిస్తే, పాత బ్రౌజర్లలో ఇది పనిచేయదని మూడో వరసలోనే ఉంది. మాస్టారు రిజిస్టరు చూశారు.

"చదివే రాసేవా అమ్మా?"

"లేదండీ."

ఆయన నా "ఏమీ లేదు"ను కొట్టేసి, ఆ మూడో వరసను తన చేత్తోనే గడిలో ఎక్కించారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. సాయంత్రానికి మెనూ తీసేసి మామూలు లింకులు పెట్టాం. సోమవారం గండం గడిచింది. నా కోపం మాత్రం దిగలేదు. అన్నిచోట్లా పనిచేయని సరుకు ఎందుకిస్తారని ఆ మెనూ చేసినాయనకు ఘాటుగా ఒక మెయిలు రాశాను. పంపబోతుంటే మాస్టారు వెనకనుంచి చదివారు.

"ఊరికే భోజనం పెట్టినాయన్ని ఉప్పు తక్కువైందని తిడతామా అమ్మా? ఏ కంప్యూటర్లో, ఏం నొక్కితే, ఏమైందో వరసగా రాయి. ఆయనకి పనికొస్తుంది. కింద నీ పేరే పెట్టు, షాపు పేరొద్దు."

పళ్లు నూరుకుంటూనే మొత్తం చెరిపి మళ్లీ రాశాను. పది రోజులకు జవాబు, దానితో కొత్త మెనూ వచ్చాయి. అది పాత బ్రౌజర్లోనూ జారింది. ఈసారి వివరాల ఫైలు మొదటినుంచి చివరిదాకా చదివాను. చివరి వరసలో, లోపం ఎక్కడుందో స్పష్టంగా చెప్పిన అమలాపురం సుభద్రకు కృతజ్ఞతలు అని ఉంది. నాకు కన్నీళ్లు ఆగలేదు. మాస్టారు ఆ పేజీ ప్రింటు తీసి, ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి నాన్న చేతిలో పెట్టారు.

"ఎక్కడో ఉన్నాయన మీ అమ్మాయి మాట విని తన పని దిద్దుకున్నారండీ. నేను ఉంచేసుకుంటున్నానండీ ఈ పిల్లని."

"ఆయ్, అలాగేనండీ," అన్నారు నాన్న. మా ఇంట్లో బి.ఎడ్. మాట మళ్లీ రాలేదు.

మాస్టారు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నేనూ చిన్నచిన్న యాడ్‌ఆన్లు చేసి ఊరికే ఇస్తుంటాను, తిట్లు కూడా ఊరికే వస్తుంటాయి. మొన్న మా టీములో ఒకమ్మాయి, ఎవరిదో యాడ్‌ఆన్ పనిచేయలేదని మండిపడుతూ మెయిలు రాస్తోంది. పక్కన కూర్చుని అంతా చెరిపించి, ఏమైందో వరసగా రాయించాను, కింద తన పేరే పెట్టించాను. మాస్టారు చెప్పిందే చెప్పాను గానీ, ఆయన చెప్పినంత మెత్తగా చెప్పలేకపోయాను. అది ఇంకా నేర్చుకుంటున్నాను.